అర వాటు గొంతు

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆనాటి మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నానికి చేరువలో, పూడిమడక వద్ద తీరం దాటింది. మా అమ్మ ఒంటరిగా కాపురముంటున్న పల్లె అచ్యుతాపురానికి దగ్గరలో, సముద్రానికి కొద్ది మైళ్ల దూరంలో ఉంది. ఆ ఉదయం టెలిఫోనులో ఆమె నాతో అన్న కడపటి మాట, "గాలెక్కువైపోతంది బాబూ, తలుపు నిలవట్లేదు" అని. నేను బదులు చెప్పేలోగా మాట తెగిపోయింది.

నేను హైదరాబాదులో ఒక బ్యాంకు ఉద్యోగిని. అప్పటికి నా వయస్సు 46 సంవత్సరాలు. నా జేబులో ఒక టెలిఫోను, నా భార్య చేతిలో మరొకటి, బల్లమీద కంప్యూటరు, గోడకు టెలివిజను. ఇన్ని సాధనాలుండి కూడా మూడు రోజులపాటు నా తల్లి బతికి ఉన్నదో లేదో తెలుసుకోలేకపోయాను. టెలివిజనులో కూలిన మహావృక్షాలు కనిపించాయి, వంగిపోయిన సెల్‌ఫోను స్తంభాలు కనిపించాయి, పైకప్పు చెదిరిన విమానాశ్రయం కనిపించింది. మా పల్లె కనిపించలేదు. మీరు పిలిచిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరని టెలిఫోనులో ఒక స్త్రీ కంఠం ఎంతో మర్యాదగా చెబుతూ ఉండేది. ఆ మర్యాదను నేను ఎన్ని వందలసార్లు విన్నానో లెక్క లేదు.

మూడవనాటి రాత్రి మా ఇంటి టెలిఫోను మోగింది. ఎవరో పెద్దాయన. సికింద్రాబాదు నుంచి మాట్లాడుతున్నానన్నారు. నా పేరు అడిగి నిర్ధారణ చేసుకున్న తరువాత, "మీకు విశాఖపట్నం నుంచి ఒక సందేశం ఉంది. రాసుకోండి" అన్నారు. ఒక్కొక్క మాటా విడదీసి, ఒక్కొక్కదాని తరువాతా ఆగి, ఇలా చదివారు: "అమ్మ క్షేమం. రేకులు లేచిపోయాయి. ఆవు ఉంది. దూడ పోయింది. నువ్వు ఇప్పుడు రావద్దు."

నేను మాట్లాడలేకపోయాను. ఆయన కొంతసేపు ఓపిక పట్టి, "బాబూ, సందేశం చేరినట్టు అవతలివారికి తిరిగి చెప్పాలి. ఏమని చెప్పమంటారు?" అని అడిగారు.

"అందిందని చెప్పండి" అన్నాను.

మా మేనమామ కొడుకు కూలిన చెట్లమధ్య సైకిలు మోసుకుంటూ, తొక్కుకుంటూ విశాఖపట్నం చేరాడట. అక్కడ కొందరు అమెచ్యూర్ రేడియోవారు ఒక కారు బ్యాటరీ, ఒక పెట్టె, రెండు గుంజల మధ్య కట్టిన ఒక తీగ పెట్టుకొని కూర్చున్నారట. వాడు చెప్పిన మాటలను వారు కాగితం మీద రాసుకొని ఆకాశంలోకి పంపారు. సికింద్రాబాదులో ఈ పెద్దాయన అందుకున్నారు. ఈ సంగతి తరువాత తెలిసింది.

వారం రోజుల అనంతరం ఆయనకు కృతజ్ఞత చెప్పుకునేందుకు వెళ్లాను. ఆయన టెలిగ్రాఫు శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. యౌవనమంతా మోర్సు మీటమీదనే గడిపారు. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాము సేవ నిలిచిపోయిన రోజున, తనకు తానే ఒక టెలిగ్రాము ఇచ్చుకొని దానికి పటం కట్టించుకున్నారు. అందరూ ఆయనను మాస్టారని పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను.

ఆ గదిలో ఆయన నాకు ఎన్నో సంగతులు చెప్పారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన వేళకు, హైదరాబాదు కేంద్రంగా ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్టుబ్లెయిరులో ఉంది. ప్రపంచంలోని తోటి ఔత్సాహికులతో సంభాషించడానికి వెళ్లినవారు, ఆ ఉదయం నుంచి క్షేమసమాచారాలు చేరవేసే పనిలో మునిగిపోయారు. "పెద్ద యంత్రాలు పెద్ద గాలికి పడిపోతాయి బాబూ. పడిపోయాక ఎంతసేపట్లో మళ్లీ నిలబెట్టగలమన్నదే ప్రశ్న. తీగ తెగితే మరో తీగ కట్టుకుంటాం. స్తంభం కూలితే మనం ఏం చేయగలం?" అన్నారు.

నేను కూడా అటువంటి పెట్టె ఒకటి కొనవచ్చునా అని అడిగాను.

"కొనవచ్చు. కాని కొన్నది చెడిపోయిన రోజున మీరు మళ్లీ ఆ టెలిఫోను ముందు కూర్చున్న మనిషే అవుతారు. మొదట ఒకటి చేయండి."

ఈ విధంగా, స్కూలు వదిలిన తరువాత స్క్రూడ్రైవరైనా సరిగా పట్టని నేను, రేడియో ప్రసారయంత్రం నిర్మించడానికి పూనుకున్నాను.

మొట్టమొదట మాస్టారు నాకు నేర్పినది విద్య కాదు, చట్టం. రేడియోను వినడానికీ, రేడియోలో పలకడానికీ మధ్య పెద్ద గోడ ఉంది. ఆనాడు అమలులో ఉన్న 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం, లైసెన్సు లేనివాడు ప్రసారయంత్రాన్ని ఉపయోగించడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. పాత చట్టాల స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. అయినా ప్రభుత్వ అనుమతి లేనిదే ప్రసారం చేయరాదన్న మూలసూత్రం మారలేదు. కనుక మాకొక ఒప్పందం కుదిరింది. ప్రతి ఆదివారం నేను ఆయన ఇంటికి వెళ్లాలి. లైసెన్సు గల ఆయన బల్లమీద, ఆయన ఎదుటనే పని చేయాలి. సాయంకాలం కాగానే నేను చేసినదంతా ఆయన అలమరలోకి వెళ్లి తాళం పడుతుంది. నా చేతికి పరీక్ష ప్యాసైన కాగితమూ, లైసెన్సూ వచ్చినరోజున ఆ తాళం తీస్తారు.

మేము ఎంచుకున్నది ప్రసారయంత్రాలన్నిటిలోకీ సామాన్యమైనది. దానిలో మాట పలకదు, పాట పలకదు. మీట నొక్కితే తరంగం పుడుతుంది, వదిలితే ఆగిపోతుంది. అంతే. ఆ పుట్టుకా ఆగటమూ మోర్సు అక్షరాలవుతాయి. ఒక స్ఫటికం, ఒక ట్రాన్సిస్టరు, కొద్దిపాటి రెసిస్టర్లు, కెపాసిటర్లు, మూడు తీగచుట్టలు, 12 వోల్టుల బ్యాటరీ, ఒక మీట. అన్నీ కలిపినా అరచేతిలో పట్టేటన్ని వస్తువులు. కోఠీలోని గుజరాతీ గల్లీలో ఒక శనివారం సాయంకాలం తిరిగి, స్ఫటికం తప్ప మిగిలినవన్నీ కొనుక్కొచ్చాను. స్ఫటికం మాత్రం మాస్టారు తన డబ్బాలోంచి తీసి ఇచ్చారు.

చిన్న రేకు డబ్బీలో బిగించిన పలుచని క్వార్ట్జు పలక అది. క్వార్ట్జుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. దానిని ఒత్తితే విద్యుత్తు పుడుతుంది. దానికి విద్యుత్తు ఇస్తే అది కొంచెం వంగుతుంది. ఒత్తిడివల్ల విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. పలకను ఎంత పలుచగా కోస్తే అంత వేగంగా అది కంపిస్తుంది. నా చేతిలోని పలక సెకనుకు 70 లక్షల 30 వేలసార్లు కంపించేది. ఆ లెక్కన తరంగం పొడవు దాదాపు 42 మీటర్ల 65 సెంటీమీటర్లు.

ఆ అంకె వినగానే మాస్టారి ముఖం వెలిగింది. "ఇంచుమించు ఇదే తరంగం మీద 1942లో ఉషా మెహతా పలికింది" అన్నారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో, 22 ఏళ్ల ఆ విద్యార్థిని తన మిత్రులతో కలిసి బొంబాయిలో రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియో 42.34 మీటర్ల మీద పలికేది. పోలీసులకు చిక్కకుండా చోటునుంచి చోటుకు మారుతూ ఆగస్టు చివర మొదలైన ఆ ప్రసారాలు నవంబరు 12న ఆమె అరెస్టయ్యేదాకా సాగాయి. ఆమెకు నాలుగేళ్ల శిక్ష పడింది. "ఆమె చట్టాన్ని ధిక్కరించింది గదా, మనం ఎందుకు భయపడాలి?" అని నేను చమత్కారానికి అన్నాను. "ఆమె పరాయి ప్రభుత్వాన్ని ధిక్కరించింది. నువ్వు ధిక్కరించబోయేది పక్కవాడి చెవిని" అని మాస్టారు జవాబిచ్చారు. అప్పటికి ఆయన నన్ను 'మీరు' అనడం మానివేశారు. ఆ మాట అర్థం కావడానికి నాకు మరికొన్ని నెలలు పట్టింది.

ప్రసారయంత్రం పనిచేసే తీరు నిజానికి పసిపిల్లవాడి ఉయ్యాలవంటిది. ఉయ్యాల మనవైపు వచ్చి, తిరిగి వెళ్లబోయే క్షణంలో చిన్నగా తోస్తే చాలు, ఊగుతూనే ఉంటుంది. స్ఫటికం ఉయ్యాల, ట్రాన్సిస్టరు తోసే చెయ్యి. స్ఫటికంలో పుట్టిన సన్నని కంపనాన్ని ట్రాన్సిస్టరు పెద్దది చేస్తుంది. అందులో కొంతభాగం సరియైన క్షణానికి తిరిగి స్ఫటికానికే చేరుతుంది. మిగిలినది తీగచుట్టల గుండా బయటికి పోతుంది. బ్యాటరీ ఉన్నంతకాలం ఈ ఊగులాట ఆగదు.

చెప్పడానికి ఇంత సులభమైనది చేయడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం ట్రాన్సిస్టరును తలకిందులుగా అతికించాను. అది ఎస్‌ఎల్ 100 అనే రకం. చిన్న లోహపు టోపీలా ఉంటుంది. టోపీ అంచున ఒక చిన్న ముక్కు ఉంటుంది. ఆ ముక్కు పక్కన ఉన్న కాలు ఎమిటరు. నేను ఆ ముక్కును చూడనేలేదు. బ్యాటరీ తగిలించి, టోపీమీద వేలు పెట్టి చూశాను. ఆ బొబ్బ మానడానికి వారం పట్టింది. ట్రాన్సిస్టరు మాత్రం మానలేదు.

రెండవ ఆదివారం కొత్త ట్రాన్సిస్టరు, సరియైన కాళ్లు. ఏరియలు ఉండవలసిన చోట ఒక చిన్న టార్చి బల్బు పెట్టాము. తరంగంలో శక్తి ఉంటే బల్బు వెలగాలి. మీట నొక్కాను. వెలగలేదు. అతుకులన్నీ మళ్లీ కాచాను. వెలగలేదు. మాస్టారు పక్కన కుర్చీలో పత్రిక చదువుకుంటూ ఉన్నారు. తల ఎత్తలేదు.

మూడవ ఆదివారం కూడా అంతే. స్ఫటికం చెడిపోయిందేమోనన్నాను. "కావచ్చు" అన్నారు. బ్యాటరీ బలహీనమేమోనన్నాను. "కావచ్చు" అన్నారు. ఇంటికి తిరిగివెళుతూ బస్సులో కూర్చొని, ఈ వయస్సులో నాకిది తగని పని అని నిశ్చయించుకున్నాను.

నాలుగవ ఆదివారం, మానివేస్తున్నానని చెప్పడానికే వెళ్లాను. కాని ఆయన కాఫీ తెచ్చేలోగా ఊరకుండలేక మల్టీమీటరు తీసుకొని, బ్యాటరీనుంచి బల్బుదాకా ఒక్కొక్క అతుకూ కొలుచుకుంటూ పోయాను. తీగచుట్ట దగ్గర సూది కదలలేదు. చుట్టకు ఈ కొసనుంచి ఆ కొసకు దారి లేదు. తేరిపార చూస్తే సంగతి తెలిసింది. చుట్టలకు వాడే రాగితీగకు సన్నని ఎనామిల్ పూత ఉంటుంది. చుట్లు ఒకదానికొకటి తగిలి కలిసిపోకుండా ఆ పూతే కాపాడుతుంది. కాని అతికించవలసిన కొసలలో దానిని బ్లేడుతో గీకివేయాలి. నేను గీకలేదు. నా సీసం మెరుస్తూ తీగను చుట్టుకొని ఉందేగాని, రాగిని తాకనేలేదు. చూపుకు అతుకు; నిజానికి అగాధం.

మాస్టారు కాఫీతోబాటు ఒక పాత బ్లేడు తెచ్చి నా ముందుంచారు. ఏమీ అనలేదు.

కొసలు గీకాను. మళ్లీ అతికించాను. మీట నొక్కాను. బల్బులో ఎర్రని పురుగువంటి వెలుగు కదిలింది. వదిలాను, ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. దీపావళినాడు తొలి కాకరపువ్వొత్తి అంటుకున్న పిల్లవాడికి కూడా అంత సంతోషం కలగదేమో! ఆ వెలుగు అర వాటుకు మించదని మాస్టారు అంచనా కట్టారు. ఇంట్లో వాడే బల్బు దానికి ఎన్నో రెట్లు తింటుంది. అయితేనేం, ఆ అర వాటు నాది. అది ఎక్కడ పుట్టి, ఏ దారిన నడిచి, ఎక్కడ వెలుగుతున్నదో అణువణువూ నాకు తెలుసు. నా జేబులోని టెలిఫోను గురించి ఆ మాట నేను ఏనాడూ చెప్పలేను.

పని పూర్తయిందనుకున్నాను. మాస్టారు తన రిసీవరును తిప్పి, మీట నొక్కమన్నారు. 70 లక్షల 30 వేల దగ్గర నా తరంగం ఈలలాగా వినిపించింది. తరువాత ఆయన రిసీవరును సరిగా రెండు రెట్లకు, అంటే 1 కోటి 40 లక్షల 60 వేలకు తిప్పారు. అక్కడ కూడా నా ఈల వినిపించింది! మూడు రెట్ల దగ్గరా వినిపించింది, కొంచెం సన్నగా.

"నువ్వు పిలవని చోట కూడా నీ గొంతు వినిపిస్తున్నది. అక్కడ మరెవరో మాట్లాడుకుంటూ ఉంటారు. ఇక్కడ నువ్వు మీట నొక్కితే, అక్కడ వాళ్ల మాట చెడుతుంది. నువ్వు చెడగొట్టావని నీకు తెలియనే తెలియదు" అన్నారు మాస్టారు.

వీటిని హార్మోనిక్సు అంటారు. ప్రతి ప్రసారయంత్రమూ అసలు తరంగంతోబాటు వీటినీ కంటుంది. వీటిని అణచడానికి ఏరియలుకు ముందు ఒక వడపోత వలయం ఉండాలి. నేను అప్పటికి దానిలో ఒకే చుట్ట పెట్టి సరిపెట్టాను. ఇనుపపొడితో చేసిన చిన్న ఎర్రని ఉంగరాల మీద, ఒక్కొక్కదానికి 16 చుట్ల చొప్పున తీగ చుట్టి, వాటి మధ్య కెపాసిటర్లు అమర్చి మళ్లీ చేయించారు. ఆ ఉంగరాలు ఒకప్పుడు మన బజారులో దొరికేవి కావట. హైదరాబాదువాసి అష్హర్ ఫర్హాన్ గారు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో 'బిట్ఎక్స్' అనే యంత్రాన్ని రూపొందించినప్పుడు, ఉంగరాలకు బదులు కుళాయిలలో వేసే వాషర్ల మీద తీగ చుట్టవచ్చునని చూపించారు. మన చిల్లర దుకాణంలో దొరికే వస్తువులతో చేయగల ఆ యంత్రాన్ని తరువాత ఎన్నో దేశాలవారు కట్టుకున్నారు. వడపోత పూర్తయిన తరువాత రెండు రెట్ల దగ్గర నా ఈల బాగా సన్నగిల్లింది. పక్కవాడి చెవి అని ఆయన ఆనాడు అన్న మాట నాకప్పుడు బోధపడింది.

ఆ సాయంకాలం పెట్టె అలమరలోకి వెళ్లింది. తాళం పడింది.

తరువాతి సంవత్సరం చదువులో గడిచింది. రేడియో సిద్ధాంతం, నిబంధనలు, మోర్సు. ఆనాడు సాధారణ శ్రేణి ధృవపత్రం కోరేవాడు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్సు పంపగలగాలి, అందుకోగలగాలి. మోర్సును చుక్కలుగా, గీతలుగా కంఠస్థం చేయవద్దని మాస్టారు శాసించారు. "అక్షరాన్ని చూడకు, విను. తాళం విన్నట్టు విను" అనేవారు. బస్సులో కూర్చొని దుకాణాల పేర్లను డిట్, డా శబ్దాలలోకి మార్చుకుంటూ పోయేవాణ్ణి. పక్కన కూర్చున్నవారు నన్ను అనుమానంగా చూసేవారు. 2016లో పరీక్ష ప్యాసయ్యాను. ఇక లైసెన్సు రావాలి. దానికి పట్టే కాలం దానికి పట్టింది.

ఆ ఎదురుచూపుల కాలంలోనే నేను ఒక తప్పు చేయబోయాను. ఈ వ్యాసంలో దానిని దాచదలచుకోలేదు.

మాస్టారికి గుండెనొప్పి వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మొక్కలకు నీళ్లు పోయమని ఇంటి తాళాలగుత్తి నాకిచ్చారు. ఆ గుత్తిలో అలమర తాళంచెవి కూడా ఉంది. మొదటి రెండు రోజులు నీళ్లు పోసి వచ్చేశాను. మూడవనాటి రాత్రి అలమర తెరిచాను. నా పెట్టెను బల్లమీద పెట్టి, ఆయన మేడమీది ఏరియలు తీగను దానికి తగిలించాను. బ్యాటరీ కలిపాను. పరీక్ష ప్యాసయ్యాను గదా, ఇక మిగిలినది ఒక కాగితమే గదా అని మనస్సు నచ్చజెప్పింది. మీటమీద చెయ్యి వేసి, ముందుగా రిసీవరులో విన్నాను.

సరిగ్గా నా తరంగం మీదనే ఎవరో ఉన్నారు. చాలా బలహీనమైన శబ్దం. గాలిలో కొట్టుకుపోతున్న దారంలాగా, వినిపించీ వినిపించక. ఆయన ఎవరినో పదేపదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు: అందిందా, అందిందా అని.

నా స్ఫటికానికి పలకడానికి ఒకే ఒక్క చోటు ఉంది. నేను మీట నొక్కితే ఆ చోటనే నొక్కాలి. ఆ అజ్ఞాతవ్యక్తి మూడు రోజులు టెలిఫోను ముందు కూర్చున్న నేనే అనిపించింది. చాలాసేపు చెయ్యి తీయలేకపోయాను. తరువాత తీశాను. ఏరియలు విప్పి, పెట్టెను యథాస్థానంలో పెట్టి తాళం వేశాను.

ఆసుపత్రికి వెళ్లి మాస్టారికి జరిగినదంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకొని విని, "బ్యాటరీ తీగలు విప్పావా? మరిచిపోతే బ్యాటరీ చచ్చిపోతుంది" అన్నారు. ఆ విషయం మరి ఎన్నడూ ఎత్తలేదు.

2017లో లైసెన్సు వచ్చింది. వి.యు.2తో మొదలయ్యే ఒక పిలుపుగుర్తు నాదయింది. మాస్టారు అలమర తెరిచి, పెట్టెను ఒక కొత్త తువ్వాలులో చుట్టి, కూతురికి సారె పెట్టినట్టు నా చేతికిచ్చారు. మా అపార్టుమెంటు మేడమీద రెండు వెదురుగడలు పాతి, మధ్యకు కేబులు దించి, రెండువైపులా పదేసి మీటర్ల చొప్పున రాగితీగ కట్టాను. బట్టలు ఆరవేసుకునేందుకని అనుకొని పై అంతస్తువారు మొదటిరోజునే దానిమీద ఒక దుప్పటి ఆరవేశారు.

సూర్యాస్తమయమైన తరువాత ఆకాశంలో ఒక మార్పు జరుగుతుంది. భూమికి కొంత ఎత్తున, పగటివేళ ఈ తరంగాలను మింగివేసే ఒక పొర రాత్రికి కరిగిపోతుంది. అంతకంటె ఎంతో ఎత్తున ఉండే మరొక పొర మాత్రం నిలిచి, తరంగాలను అద్దంలాగా తిరిగి భూమిమీదికి వంచుతుంది. అందుకే ఈ తరంగాల మీద రాత్రివేళ దూరాలు దగ్గరవుతాయి.

రాత్రి తొమ్మిదింటికి ముందుగా విన్నాను. తరంగం మీద ఎవరూ లేరు. వణుకుతున్న చేతితో ఎవరైనా ఉన్నారా అనే పిలుపు పంపాను: డా డి డా డిట్, డా డా డి డా. తరువాత నా గుర్తు. వదిలి విన్నాను. నిశ్శబ్దం. అరగంటసేపు పిలిచి పడుకున్నాను. రెండవ రాత్రీ అంతే. మూడవ రాత్రీ అంతే. పదకొండు రాత్రులు పిలిచాను. ఒక్కరూ పలకలేదు. ఏరియలు కొలిచాను, అతుకులు చూశాను, బల్బు పెట్టి చూశాను, వెలుగుతూనే ఉంది. అర వాటు గొంతు అంత పెద్ద ఆకాశంలో ఎవరికి వినిపిస్తుందని నా భార్య జాలిపడింది.

పన్నెండవ రాత్రి మూడవ పిలుపు ముగించి చెయ్యి తీశాను. రిసీవరులో సన్నగా, తొట్రుపాటు లేకుండా, ఎవరో నా గుర్తును పలుకుతున్నారు. నా గుర్తే! రెండుసార్లు. తరువాత ఆయన గుర్తు, శ్రీలంకకు చెందినది. ఊరు కొలంబో. నా శబ్దానికి ఆయన ఇచ్చిన అంకె 449. అంటే దాదాపు శ్రమ లేకుండానే చదవగలుగుతున్నాననీ, బలం ఓ మోస్తరేననీ, స్వరం మాత్రం నిర్మలమనీ అర్థం. హైదరాబాదునుంచి కొలంబోకు దాదాపు 1,200 కిలోమీటర్లు. టార్చి బల్బును వెలిగించడానికి సరిపోయే శక్తి అంత దూరం నడిచి వెళ్లింది. నాలుగు నిమిషాలలో సంభాషణ ముగిసింది. తొందరలో నా పేరు చెప్పడమే మరిచాను.

వెంటనే మాస్టారికి టెలిఫోను చేశాను. "మాస్టారూ, అందింది!" అన్నాను.

"తెలుసు. విన్నాను. పన్నెండు రాత్రులూ విన్నాను."

నేను నిర్ఘాంతపోయాను. "మరి ఒక్కరోజైనా జవాబివ్వలేదేం?"

"నేనిచ్చి ఉంటే నువ్వు మొదటి రాత్రే పెట్టె మూసి హాయిగా నిద్రపోయేవాడివి. సికింద్రాబాదుదాకా అయితే ఆటోలో రాగలవు గదా" అన్నారు. కొంచెం ఆగి, "నాలుగవ రోజునుంచి నీ చెయ్యి కుదిరింది. ఇప్పుడు వినడానికి బాగుంది" అని కూడా అన్నారు.

అర వాటు యంత్రంతో తుఫానును ఎదుర్కొంటానని నేను అతిశయోక్తి పలకను. ఆపత్కాలంలో పనికి రావాలంటే అంతకంటె బలమైన యంత్రం, అనుభవమున్న మనుష్యులు, క్రమశిక్షణ కావాలి. ఆ తరువాత నేనూ పెద్ద యంత్రం సమకూర్చుకున్నాను. కాని దానిని ఎలా నడపాలో నాకు నేర్పినది ఈ చిన్నదే. మాట పంపడానికి ముందు వినాలని, పంపే మాట మరొకరి మాటను చెరపకూడదని, జవాబు రానంతమాత్రాన వినేవారు లేరని అనుకోకూడదని అది నాకు నేర్పింది.

మర్నాటి ఉదయం అమ్మకు టెలిఫోను చేసి కథంతా చెప్పాను. పైకప్పుకు కొత్త రేకులు వేయించుకొని, మరొక దూడను పెంచుకుంటూ ఆమె ఆ పల్లెలోనే ఉంది. ఓపికగా విన్నది.

"లంకంటే రావణుడి లంకేటి?"

"అదేనమ్మా."

"మరి ఆ బాబుకి నువ్వెవరో తెలుసేటి?"

"తెలీదమ్మా. నా పేరు చెప్పడమే మరిచిపోయాను."

కొంతసేపు ఆమె మాట్లాడలేదు. ఆ మూడు రోజులు ఆమెకు కూడా గుర్తుకు వచ్చి ఉంటాయి.

"పోనీలే. అందిందంట గదా. అదే చాలు" అన్నది.